బాబాయి దగ్గు

దగ్గు గురించి కూడా ఒక టపానా అని మిత్రులు నవ్వుకోవచ్చు. చదివిన పుస్తకాల గురించి, చిన్ననాటి వానల గురించి వ్రాసుకునే చోట దగ్గుకు స్థానమేమిటని నాకూ అనిపించింది. కానీ మా ఇంట్లో రెండు పెద్ద కష్టాలు దగ్గుతోనే మొదలయ్యాయి. రెండుసార్లూ దగ్గినది మా బాబాయే. రెండుసార్లూ నా వంతు తప్పు నేను చేశాను. మొదటిసారి నాకు తొమ్మిదేళ్ళు కాబట్టి క్షమించవచ్చునేమో. రెండవసారికి యాభై ఏడేళ్ళు. ఇక ఆ సాకు చెల్లదు.

మాది కృష్ణా జిల్లాలోని ఘంటసాల. చల్లపల్లికి దగ్గర. రెండువేల ఏళ్ళ కిందట ఇది కంటకసేల అనే పేరుతో వర్తకానికి పేరుపొందిన రేవుపట్టణమని, గ్రీకు భూగోళవేత్త టాలెమీ దీనిని పేర్కొన్నాడని మా ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. బౌద్ధస్తూపపు శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి. నేను కళ్ళు తెరిచేనాటికి మాత్రం ఓడలూ లేవు, భిక్షువులూ లేరు. వరిచేలు, పంటకాలువలు, ఇళ్ళ వెనుక నిలిచిపోయిన మురుగు, ఆ మురుగు మీద దోమలు ఉండేవి. ఈ కథలో దోమకు ముఖ్యమైన పాత్ర ఉన్నది గనుక దానిని ఇక్కడే పరిచయం చేస్తున్నాను.

1973 మార్గశిరంలో బాబాయికి దగ్గు మొదలైంది. అప్పుడాయనకు ఇరవైనాలుగేళ్ళు. బందరులో డిగ్రీ చదివి వచ్చి, నాన్నతోపాటు వ్యవసాయం చూసుకునేవాడు. అవి కుప్పనూర్పిళ్ళ రోజులు. కళ్ళంలో వరి నూగు గాలిలో లేస్తుంటే ఊరంతా దగ్గుతూనే ఉంటుంది. అందుకని మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. నూర్పిళ్ళు అయిపోయాయి, గడ్డి వాములకెక్కింది, వరికోతలకు ముందు చల్లిన మినుము మోకాలెత్తుకు ఎదిగింది. ఊరి దగ్గు తగ్గింది గానీ బాబాయి దగ్గు తగ్గలేదు.

అది పగలంతా దాక్కుని రాత్రిపూట బయటికి వచ్చే దగ్గు. అర్ధరాత్రి దాటాక మొదలయ్యేది. పొడిదగ్గు. ఒకదాని వెనుక ఒకటిగా, ఊపిరి తీసుకునే సందు ఇవ్వకుండా వచ్చేది. ఆయన లేచి కూర్చుని, రెండు చేతులతో మంచంపట్టె పట్టుకుని దగ్గేవాడు. దగ్గు ఆగిన తరువాత గుండెలో పిల్లికూతలు వినిపించేవి. సాయంత్రాలు ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉండేది. సంక్రాంతి నాటికి కొత్తచొక్కా భుజాల మీద వేలాడిపోయింది.

నాయనమ్మ తనకు తెలిసినవన్నీ చేసింది. మిరియాల కషాయం కాచింది. కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది. అడ్డసరం ఆకు దంచి, రసం తీసి తేనెతో నాకించింది. పడుకునే ముందు పసుపు కలిపిన పాలు ఇచ్చింది. ఇవి పనికిమాలినవని నేననను. అడ్డసరంలోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే శాస్త్రవేత్తలు బ్రోమ్‌హెక్సిన్ అనే కఫం కరిగించే మందును తయారుచేశారు. కానీ బాబాయి దగ్గులో కరిగించడానికి కఫం లేదు. మందు మంచిదే గానీ, రోగం వేరు.

ఊరు ఆ దగ్గుకు ఒక పేరు పెట్టుకుంది. ఆ పేరును ఎవరూ నోటితో పలకలేదు. "ఆ జబ్బేనేమో" అని మాత్రం అనుకున్నారు. క్షయ అనే మాట పలికితే అది తమ గడప తొక్కుతుందన్నంత భయం ఉండేది ఆ రోజుల్లో.

ఒకరోజు బడినుంచి వచ్చేసరికి బాబాయి నులకమంచం గొడ్లచావిడికి మారింది. ఒక సత్తు కంచం, ఒక సత్తు గ్లాసు వేరుగా పెట్టారు. పిల్లలం ఎవరమూ చావిట్లోకి వెళ్ళకూడదు, ఆ గ్లాసు ముట్టుకోకూడదు. నాయనమ్మ నిర్దయురాలు కాదు. ఆమె పెళ్ళికాకముందే ఆమె అన్నగారిని క్షయ తీసుకుపోయిందట. ఇంట్లో మేము ఆరుగురు పిల్లలం. కన్నకొడుకు మంచాన్ని చావిట్లో వేయించి వచ్చి, వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని, పొగ పేరు చెప్పి కళ్ళు తుడుచుకుంది.

మరుసటి నెల, 1974 ఫిబ్రవరిలో, గుడివాడ వైపు నుంచి బాబాయికి సంబంధం చూడటానికి వచ్చారు. మా ఊరి పేరే ఇంటిపేరుగా గల ఘంటసాల వేంకటేశ్వరరావుగారు కన్నుమూసిన వారమది. ఆయన పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. అందుచేత వచ్చినవాళ్ళకూ మా వాళ్ళకూ మాట కలపడానికి వేరే విషయం వెతుక్కోనక్కరలేకపోయింది. అరుగు మీద పెద్దలందరూ ఆయన పాటల గురించి మాట్లాడుకుంటున్నారు. బాబాయి ఇస్త్రీబట్టలు కట్టుకుని, దగ్గు రాకుండా నోట్లో లవంగం పెట్టుకుని కూర్చున్నాడు. పగలు గనుక దగ్గు రాలేదు కూడా.

వచ్చినవారిలో ఒక పెద్దాయన నన్ను దగ్గరికి పిలిచి ముద్దుచేశాడు. "మీ బాబాయి నీకు కథలు చెబుతాడా అబ్బాయీ?" అని అడిగాడు.

"ఇదివరకు చెప్పేవాడండీ. ఇప్పుడు చావిట్లో పడుకుంటున్నాడుగా, నన్ను వెళ్ళనివ్వరు. ఆయన గ్లాసు కూడా ముట్టుకోకూడదు" అన్నాను.

అరుగు మీద మాటలు ఆగిపోయాయి. వాళ్ళు మర్యాదస్తులు. కాఫీలు తాగారు, వెళ్ళొస్తామని అందరికీ పేరుపేరునా చెప్పారు, ఉత్తరం వ్రాస్తామన్నారు. ఆ ఉత్తరం రాలేదు.

నన్నెవరూ తిట్టలేదు. నాన్న తిట్టలేదు, నాయనమ్మ తిట్టలేదు. బాబాయి చావిడి గుంజకు ఆనుకుని నిలబడి నావైపు చూశాడు, అంతే. ఎవరైనా రెండు దెబ్బలు వేసి ఉంటే ఆ సంగతి అక్కడితో మరిచిపోయేవాణ్ణి.

ఇక దాచిపెట్టడానికి ఏమీ మిగలలేదు గనుక, మరుసటి సోమవారం నాన్న ఆయనను బస్సెక్కించి బందరు తీసుకువెళ్ళాడు. అక్కడి డాక్టరుగారు ఎక్స్‌రే తీయించారు. మూడు రోజులు వరుసగా తెమడ పరీక్ష చేయించారు. క్షయ క్రిములు కనబడలేదు. ఇంకొకరైతే ఎక్స్‌రేలోని మచ్చలు చూసి క్షయమందులు మొదలుపెట్టేవారేమో. ఆయన మాత్రం వేలి నుంచి ఒక రక్తపుచుక్క తీసి, గాజుపలక మీద పరచి, రంగువేసి, సూక్ష్మదర్శినిలో చూశారు. తెల్లకణాలలో ఇసినోఫిల్ అనే రకం మామూలుగా నూటికి అయిదారుకు మించకూడదు. బాబాయి రక్తంలో సగానికి పైగా అవే ఉన్నాయట.

"ఇది క్షయ కాదండీ, ఇస్నోఫీలియా. మీ దోమలు పెట్టిన దగ్గు" అని, మూడు వారాలకు మాత్రలు వ్రాసి ఇచ్చారు.

ఆ మాత్రలు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు, ఒక రాత్రి నాకు ఉన్నట్టుండి మెలకువ వచ్చింది. రెండు నెలలుగా ప్రతి రాత్రీ చావిడి నుంచి వినబడే దగ్గు వినబడలేదు. నాకు తోచిన అర్థం ఒక్కటే. నాయనమ్మ పక్కలోంచి లేచి, చీకట్లో, వెళ్ళకూడని చావిట్లోకి వెళ్ళాను. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. బాబాయి బోర్లా పడుకుని, నోరు తెరుచుకుని, గాఢంగా నిద్రపోతున్నాడు. నేను అక్కడే గడ్డిమోపు మీద కూర్చుండిపోయాను. తెల్లవారి నాయనమ్మ నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

*

ఆ డాక్టరుగారు రక్తం ఎందుకు చూశారో, ఆ మాత్ర ఎక్కడినుంచి వచ్చిందో తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. తెలిశాక, అది మన తెలుగునేలకు ఎంత దగ్గరి కథో చూసి ఆశ్చర్యపోయాను.

మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల కోసం ఒక శానటోరియం తెరిచారు. దానికి చాలాకాలం పెద్దగా ఉన్నవారు ఫ్రిమోట్ మోలర్ అనే డెన్మార్కు దేశపు వైద్యుడు. క్షయ అని పంపబడినవారిలో కొందరికి ఎంత వెతికినా క్షయ క్రిమి దొరకడం లేదని, వారి రక్తంలో ఇసినోఫిల్ కణాలు విపరీతంగా ఉంటున్నాయని ఆయన గమనించారు. బార్టన్ అనే సహచరునితో కలిసి 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్ అనే వైద్యపత్రికలో ఈ సంగతి వ్రాశారు. క్షయను పోలిన, క్షయ కాని జబ్బు ఇది అన్నారు. 1943లో వైన్‌గార్టెన్ అనే మరొక వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనికి ట్రాపికల్ ఇసినోఫీలియా అని పేరుపెట్టాడు. ఆర్సెనిక్ కలిసిన సూదిమందుతో తగ్గుతున్నదని కూడా చూశాడు. ఎందుకు వస్తున్నదో మాత్రం అప్పటికి తేలలేదు.

తరువాత తేలింది, దీని మూలం బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగేనని. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కాటుతో ఆ పురుగు పిల్లలు మన ఒంట్లో చేరుతాయి. చాలామందిలో అవి పెరిగి, వాటి సంతానం రాత్రివేళల్లో రక్తంలో తిరుగుతుంది. కొందరి శరీరం మాత్రం ఆ సంతానాన్ని సహించదు. ఊపిరితిత్తుల సన్నని రక్తనాళాలలో వాటిని పట్టి నిలిపి, వాటిమీద యుద్ధం ప్రకటిస్తుంది. ఆ యుద్ధమే దగ్గు, ఆయాసం, పిల్లికూతలు. అందుకే ఈ జబ్బు ఉన్నవారి రక్తంలో పురుగు కనబడదు. దానితో పోరాడే సైన్యం మాత్రమే కనబడుతుంది. ఎక్కువగా పడుచు మగవాళ్ళలో వస్తుంది. పట్టించుకోకుండా వదిలేస్తే కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. బోదకాలు అరుదు కాని మా డెల్టా ఊళ్ళలో ఈ దగ్గు ఉండటం విడ్డూరమేమీ కాదు.

ఇక ఆ మాత్ర. దాని పేరు డైఇథైల్‌కార్బమజిన్. హెట్రజాన్ అనే పేరుతో వచ్చింది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దానిని రూపొందించిన బృందానికి సారథి యల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895లో భీమవరంలో పుట్టిన మన సుబ్బారావుగారే. 1947లో అది ఫైలేరియాకు మందుగా లోకానికి తెలిసింది. మరుసటి ఏడే ఆయన పోయారు. ట్రాపికల్ ఇసినోఫీలియాకు కూడా అదే సరైన మందని వైద్యులు తేల్చుకున్నది 1950లలో. భీమవరం వాడు సముద్రాలవతల చేసిన మాత్ర, ఆయన పోయిన పాతికేళ్ళకు, ఆ పక్క జిల్లాలోని ఒక గొడ్లచావిట్లో మా బాబాయిని నిద్రపుచ్చింది. నేటికీ ఆ జబ్బుకు అదే మందు, మూడు వారాలే.

తెలుసుకున్న వాటిలో నన్ను బాధపెట్టినది మరొకటి ఉంది. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, కొందరు రోగులను శానటోరియంలోను, కొందరిని వారి ఇళ్ళలోనే ఉంచి మందులిచ్చి చూసింది. ఇంట్లో ఉన్నవారికీ దాదాపు అంతే బాగా నయమైంది. సరిగా మందులు వాడుతూ ఇంట్లో ఉన్నందువల్ల కుటుంబసభ్యులకు అదనపు ముప్పేమీ రాలేదు. 1959లో ఈ సంగతి ప్రపంచమంతటికీ తెలిసింది. క్షయ గాలి ద్వారా అంటుతుందే గాని కంచాలు, గ్లాసుల ద్వారా కాదు. అంటే, మా నాయనమ్మ ఆ సత్తు గ్లాసు వేరుపెట్టే నాటికి, దాని అవసరం లేదని తేలి పదిహేనేళ్ళయింది. బాబాయికి నిజంగానే క్షయ ఉన్నా సరే, కావలసినది మందు, గాలి వచ్చే గది. వేరు గ్లాసు కాదు. మద్రాసులో తేలిన ఆ మాట ఘంటసాల చేరలేదు.

*

బాబాయికి రెండేళ్ళ తరువాత అవనిగడ్డ వైపు సంబంధం కుదిరింది. మా పిన్ని వచ్చింది. పిల్లలు, మనుమలు. ఆ సత్తు గ్లాసును నాయనమ్మ చింతపండు, బూడిద వేసి తోమి అటక మీద పెట్టింది. పారవేయడానికి ఆమెకు చేతులు రాలేదు, వాడటానికీ రాలేదు.

ఇస్నోఫీలియా అనే మాట మాత్రం మా ఇంట్లో స్థిరపడిపోయింది. మా ఇంట్లోనే కాదు, తెలుగునాట ఎక్కడైనా వినండి. తుమ్ములొచ్చినా, చల్లగాలికి దగ్గినా, దుమ్ము పడకపోయినా "కొంచెం ఇస్నోఫీలియా ఉందండీ" అంటారు. నిజానికి రక్తంలో ఆ కణాలు పెరగడానికి ఉబ్బసం, ఎలర్జీ, కడుపులో నులిపురుగులు, కొన్ని మందులు, ఇలా ఎన్నో కారణాలు. అది ఒక రోగం పేరు కాదు, ఒక లెక్క. కానీ ఆ మాటలో ఒక సౌకర్యం ఉంది. క్షయ అంటే సంబంధాలు తప్పిపోతాయి. ఇస్నోఫీలియా అంటే ఎవరూ లేచిపోరు. భయపడే పేరుకు బదులుగా భయంలేని పేరు ఒకటి దొరికింది మనకు.

2022 నవంబరులో బాబాయికి మళ్ళీ దగ్గు మొదలైంది. ఇప్పుడు డెబ్భైమూడేళ్ళు. పదేళ్ళుగా చక్కెర వ్యాధి. నేను హైదరాబాదులో ఉంటాను. ప్రతి ఆదివారం ఫోను చేస్తాను. ఫోనులో దగ్గు వినగానే నాకు తోచినది కరోనా. పరీక్ష చేయిస్తే కాదన్నారు. హమ్మయ్య అనుకున్నాం. ఆ హమ్మయ్యలోనే సగం ప్రమాదం ఉందని అప్పుడు తెలియలేదు. ఒక రోగం కాదని తేలితే ఏ రోగమూ లేదన్నట్టు సంబరపడ్డాం.

"పాత నేస్తమేరా, ఇస్నోఫీలియా" అన్నాడు బాబాయి.

"అదే అయ్యుంటుంది బాబాయ్. నూర్పిళ్ళ దుమ్ము కదా" అన్నాను నేను.

మందులకొట్టుకు పోయి ఒక దగ్గుమందు సీసా, ఎలర్జీ మాత్రలు తెచ్చుకున్నాడు. అవి అయిపోతే ఇంకో సీసా. డిసెంబరంతా ప్రతి ఆదివారం నేను దగ్గు వింటూనే ఉన్నాను, "తగ్గుతోందా?" అని అడుగుతూనే ఉన్నాను, "కాస్త నయం" అని ఆయన చెబుతూనే ఉన్నాడు. ఇద్దరికీ ఆ జవాబే కావాలి.

సంక్రాంతికి వెళ్ళి చూసి నివ్వెరపోయాను. చొక్కా మళ్ళీ భుజాల మీద వేలాడుతున్నది. రాత్రిళ్ళు చెమటకు దిండు తడిసిపోతున్నదని పిన్ని చెప్పింది. ఈసారి దగ్గు పొడిది కాదు. పగలూ రాత్రీ వచ్చేది, కళ్ళె పడేది.

చివరికి అడగవలసిన ప్రశ్న అడిగింది మా ఊరి ఆశా కార్యకర్త. ఆమె వేరే పనిమీద వచ్చింది. గుమ్మంలో నిలబడి దగ్గు విని, "ఎన్నాళ్ళుగా ఉంది పెదనాన్నగారూ?" అంది. రెండు నెలలు దాటిందని పిన్ని చెప్పగానే పుస్తకం తీసి పేరు వ్రాసుకుంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించాలని వాళ్ళకు నియమం. బాబాయికి కోపం వచ్చింది. "నాకు ఇస్నోఫీలియా అమ్మా, యాభై ఏళ్ళ నుంచి తెలుసు" అన్నాడు. ఆమె నవ్వి, "అలాగే పెదనాన్నగారూ. కాదని తేలితే మంచిదేగా" అంటూ మూతబిగించే చిన్న డబ్బా చేతిలో పెట్టింది.

మరునాడే ఫలితం వచ్చింది. క్షయ. ఇప్పుడు క్రిమి జన్యువును పట్టుకునే యంత్రాలు వచ్చాయి. కొద్ది గంటలలోనే క్రిమి ఉన్నదీ లేనిదీ, ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా చెబుతాయి. లొంగే రకమేనని తేలింది.

ఇరవైనాలుగేళ్ళప్పుడు లేని క్షయను ఉన్నదనుకుని ఆయనను చావిట్లోకి పంపాం. డెబ్భైమూడేళ్ళప్పుడు ఉన్న క్షయను లేదనుకుని నట్టింట్లో కూర్చోబెట్టుకున్నాం. అప్పుడు భయం పేరు పెట్టింది, ఇప్పుడు ఆశ పేరు పెట్టింది. రెండుసార్లూ పరీక్షకంటే ముందే పేరు పెట్టాం.

*

ఆ తరువాత నేను డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది కొంత ఇక్కడ పెడుతున్నాను. వైద్యానికి ఇది ప్రత్యామ్నాయం కాదు. ప్రశ్నలు అడగడానికి పనికివస్తే చాలు.

దగ్గు శత్రువు కాదు, కావలివాడు. శ్వాసనాళంలో ఏదైనా పడినా, ఊరినా, ఒరుసుకున్నా, మనం నిండా గాలి పీల్చి, గొంతు ద్వారాన్ని ఒక్క క్షణం మూసి, ఒత్తిడి పెంచి, ఒక్కసారిగా తెరుస్తాము. కఫం ఉన్న దగ్గు ఇల్లు ఊడ్చుకోవడం వంటిది. దానిని బలవంతంగా ఆపేస్తే చెత్త లోపలే ఉండిపోతుంది.

దగ్గును చూసే మొదటి పద్ధతి రోజులు లెక్కపెట్టడం. జలుబుతో వచ్చే దగ్గు ఎక్కువగా మూడు వారాలలోపు తనంతట తానే పోతుంది. దానికి యాంటిబయాటిక్ మాత్రలు పనిచేయవు. వేడినీళ్ళు, విశ్రాంతి, ఉప్పునీటి పుక్కిలింత, తేనె చాలు. ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం తేనె పెట్టకూడదు. పిల్లలకు సీసామందుల విషయంలో మరీ జాగ్రత్త కావాలి. 2025లో మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గుమందు తాగి పసిపిల్లలు చనిపోయాక, రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు జలుబు మందులు వ్రాయవద్దని కేంద్ర ఆరోగ్యశాఖ మళ్ళీ హెచ్చరించింది.

ఎనిమిది వారాలు దాటిన దగ్గుకు పెద్దవాళ్ళలో కారణాలు వేరు. ఉబ్బసం కావచ్చు. ముక్కునుంచి గొంతులోకి జారే స్రావం కావచ్చు. కడుపులోని పులుపు పైకి తన్నడం కావచ్చు, పడుకున్నప్పుడు, తిన్న వెంటనే అది ఎక్కువవుతుంది. రక్తపోటు మాత్రలలో ప్రిల్ అని ముగిసే పేర్లున్నవి కొందరికి పొడిదగ్గు తెస్తాయి. మా ఇంటి పక్కాయన ఏడాదిపాటు కషాయాలు తాగి, డాక్టరు ఆ మాత్ర మార్చాక నెలలో బాగుపడ్డాడు. చుట్ట, బీడీ, సిగరెట్టు సరే సరి. పొగతాగని ఆడవాళ్ళకు కూడా ఏళ్ళ తరబడి కట్టెలపొయ్యి, పిడకల పొగ పీల్చడం వల్ల ఊపిరితిత్తులు పాడవుతాయి. నాయనమ్మ చివరి రోజుల ఆయాసానికి అర్థం నాకిప్పుడు తెలుస్తోంది.

రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమట, బరువు తగ్గడం ఉంటే మరీ ముఖ్యం. తెమడలో రక్తం, ఆయాసం, గుండెలో నొప్పి ఉంటే రెండు వారాలు కూడా ఆగకూడదు. చక్కెర వ్యాధి ఉన్నవారికి క్షయ వచ్చే అవకాశం రెండు మూడు రెట్లు ఎక్కువ. ఈ ఒక్క ముక్క నాకు నవంబరులో తెలిసి ఉంటే బాగుండేది.

నివారణ అంటారా, అది చాలా మామూలు సంగతులలోనే ఉంది. నూర్పిళ్ళలో ముక్కుకు గుడ్డ కట్టుకోవడం. కోసిన చేలో గడ్డి తగలబెట్టకపోవడం. దగ్గేటప్పుడు మోచేయి అడ్డుపెట్టుకోవడం. కిటికీలు తెరిచి ఉంచడం. పిల్లలకు కోరింత దగ్గు టీకా తప్పకుండా వేయించడం. ఇంటివెనుక మురుగు నిలవకుండా చూడటం. 2004 నుంచి దేశంలోని బోదకాలు ప్రాంతాలలో ఏటా ఇంటింటికీ మాత్రలు పంచుతూ వచ్చారు. అందులో ప్రధానమైనది ఆ సుబ్బారావుగారి మందే. ఉచితంగా చేతిలో పెట్టిన మాత్రను దిండు కింద దాచేవారిని నేనెరుగుదును.

*

బాబాయి మందులు 2023 జనవరిలో మొదలై జులైలో ముగిశాయి. రెండు నెలలు నాలుగు మందులు, ఆ తరువాత నాలుగు నెలలు మూడు మందులు. అన్నీ ఉచితమే. ఆహారానికని నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేశారు (2024 నవంబరు నుంచి దానిని 1000 చేశారు). మందుల వల్ల మూత్రం ఎర్రబడితే బాబాయి కంగారుపడ్డాడు, అది మామూలేనని ఆశా కార్యకర్తే ధైర్యం చెప్పింది. పిన్నినీ, కొడుకునూ, కోడలినీ, మనుమణ్ణీ కూడా పరీక్షించి, రోగం లేదని తేలాక నివారణ మందులు ఇచ్చారు. నెల తిరిగేసరికి ఆకలి పుట్టింది. ఆరు నెలలకు చొక్కా మళ్ళీ సరిపోయింది.

ఫిబ్రవరి చివరిలో ఒకసారి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన వసారాలో ఒక మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన బల్లమీద అదే సత్తు గ్లాసు. కొడుకుచేత అటక మీదనుంచి దింపించుకున్నాడట. ఎవరూ చెప్పకుండానే తనకు తాను వేరుపెట్టుకున్నాడు. అయిదు వారాలుగా మందులు పడుతున్నాయని, గ్లాసుతో అంటదని డాక్టరు చెప్పిన మాట మళ్ళీ చెప్పాను. ఊఁ అన్నాడు గానీ గ్లాసు వదల్లేదు.

అప్పుడు నేను నలభైతొమ్మిదేళ్ళుగా దాచుకున్న మాట అన్నాను. "ఆ రోజు అరుగు మీద నేను అలా అనకపోతే గుడివాడ సంబంధం తప్పిపోయేది కాదు బాబాయ్."

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. మరిచిపోయాడేమో అనుకున్నాను. మరిచిపోలేదు.

"నువ్వు అబద్ధం చెప్పలేదుగదరా. ఆ ఇంట్లో ఆ రోజు నిజం చెప్పినవాడివి నువ్వొక్కడివే. మేమంతా లవంగాలు నములుతూ కూర్చున్నాం. నువ్వు అనకపోతే మీ నాన్న నన్ను బందరు తీసుకెళ్ళేవాడు కాదు" అన్నాడు. కాసేపాగి, "మొన్న ఫోనులో మాత్రం నువ్వూ నాకు నచ్చిందే చెప్పావు" అన్నాడు.

నేనేమీ అనలేకపోయాను. ఆయన మాటలో నిష్ఠూరం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. పిన్ని కాఫీ తెచ్చింది. నేను లోపలికి వెళ్ళి ఆయనకు ఇంట్లో అందరూ తాగే స్టీలు గ్లాసు తెచ్చి, కాఫీ అందులో పోసి ఇచ్చాను. తీసుకున్నాడు.

ఇప్పుడు బాబాయి బాగున్నాడు. ఆదివారం ఫోను మానలేదు నేను. అటునుంచి ఎవరు దగ్గినా, "తగ్గుతోందా?" అని అడగడం మానేశాను. "ఎన్నాళ్ళ నుంచి?" అని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. ఫరవాలేదు. మీ ఇళ్ళలో కూడా ఎవరైనా రెండు వారాలు దాటి దగ్గుతూ ఉంటే, దయచేసి ఆ దగ్గుకు మీరే పేరు పెట్టకండి.